గాజుపలకపై పలుచని పొర: వేరుసెనగ పరీక్షలో అధిశోషక సంస్కారము

ఉపోద్ఘాతము

కర్ణాటక రాష్ట్రమున చిక్కబళ్లాపురము జిల్లాకు చెందిన బాగేపల్లి, చింతామణి ప్రాంతములు ఆంధ్రదేశపు సరిహద్దు నంటియున్న మెట్టసీమలు. పాతపాళ్య మొదలగు పల్లెలలో ఇంటిభాష తెలుగు, కచేరీభాష కన్నడము. ఇచ్చటి చెలకలకు ఆధారము వానయే. రాగి, కంది, వేరుసెనగ ఈ నేలకు అలవడిన పైరులు. వేరుసెనగను చెనిక్కాయ యని వ్యవహరింతురు. కాయ నొలిచి గింజ నమ్ముకొందురు. గానుగ పట్టించి నూనె తీయుదురు. మిగిలిన చెక్కను పాడిపశువులకు పెట్టుదురు. ఈ విధముగా ఒక్క పంట మనుష్యునకు ఆహారము, వంటకు నూనె, పశువునకు మేత యగుచున్నది.

ఇట్టి పంటకు వాన తప్పుట మొదటి కీడు. దానిని వెన్నంటి రెండవ కీడొకటి వచ్చును. కోతకు ముందు కొన్ని వారములపాటు వాన లేక నేల వేడెక్కిన యెడల, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు కాయలోనికి సులువుగా ప్రవేశించును. కోసిన కాయ సరిగా ఎండకున్నను, నిలువయందు తడిసినను అది వృద్ధి పొందును. ఆ బూజు పుట్టించు విషమునకే ఆఫ్లటాక్సిను అని పేరు. రుచిచేతగాని వాసనచేతగాని దానిని గుర్తింప శక్యము గాదు. బూజు కనబడిన చోటనెల్ల విషముండవలెనను నియమము లేదు. బూజు కనబడనంత మాత్రమున విషము లేదనుటయు సరికాదు.

ఈ విషమును కంటికి చూపు సాధనము గాజుపలకపై పూసిన పావు మిల్లీమీటరు మందముగల తెల్లని పొర. దానినాధారముగా జేయు పరీక్షకు పలుచని పొర వర్ణలేఖనమని, వాడుకలో పలుచని పొర క్రొమటోగ్రఫీ యని పేరు. ఆ పొర యెట్టిది, దానిని ఏయే విధముల సంస్కరింపవచ్చును, సంస్కరింపనిచో ఏమేమి మరుగుపడును అను విషయములు ఈ వ్యాసమున వివరింపబడుచున్నవి.

మూలసూత్రము

ఈ విద్యలోని రహస్యము బడిపిల్లలకును తెలియజెప్పదగినదే. ఒక సుద్దముక్క అడుగుభాగమునకు కొంచెము పైగా నల్లసిరా చుక్క నుంచి, ఆ ముక్కను కొలదిగా నీరు పోసిన పళ్లెరమున నిలువుగా నిలుపవలెను. నీరు సుద్దలోని సన్నని రంధ్రములగుండ పైకి ప్రాకును. సిరాచుక్కయు దానితో కదలును. కొంతసేపటికి ఒక్క నలుపుగా నుండిన చుక్క నీలము, ఎరుపు, పసుపు మొదలగు పట్టీలుగా విడిపోవుట కాననగును. నీటితో నెక్కువ మైత్రి గల రంగు ముందుకు పోవును. సుద్దను విడువలేని రంగు వెనుకబడును.

ఇందు కదలుచున్న నీరు చలన ప్రావస్థ. కదలక నిలిచిన సుద్ద స్థిర ప్రావస్థ. పదార్థముల అణువులను తన పైభాగమునకు పట్టి నిలుపుకొను ఈ గుణమునకు అధిశోషణమనియు, అట్టి గుణముగల పొడికి అధిశోషకమనియు పేరు. నీటినుండి ఫ్లోరైడును తొలగించుటకు వాడు ఉత్తేజిత అల్యూమినాయును అధిశోషకమే. అదే అల్యూమినా ఈ పొరలకును పనికివచ్చును.

పొరపై ఒక పదార్థము ప్రయాణించిన దూరమును ద్రావణి ప్రయాణించిన దూరముచే భాగింపగా వచ్చు సంఖ్యను ఆర్.ఎఫ్. విలువ యందురు. ద్రావణి 10 సెంటీమీటర్లు పోవునప్పటికి మచ్చ 6 సెంటీమీటర్లు పోయినచో ఆ విలువ 0.6 అగును. ఈ సంఖ్య పదార్థమునకు పుట్టుకతో వచ్చిన లక్షణమని పలువురు భ్రమపడుదురు. అది సత్యము గాదు. ద్రావణి మారినను, పొర మారినను, తుదకు గాలిలోని తేమ మారినను ఆ సంఖ్య మారును.

చరిత్ర

రష్యాదేశపు వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెత్ 1903లో వార్సాలో తన అధిశోషణ పద్ధతిని వెల్లడించెను. సుద్దపొడి నింపిన గాజుగొట్టమున ఆకురసములోని వర్ణకములను వేరుచేసి, 1906లో ఆ పద్ధతికి క్రొమటోగ్రఫీ యని నామకరణము చేసెను. 1938లో ఖార్కివ్ నగరమున ఇజ్మైలోవ్, ష్రైబర్ అనువారు గొట్టమును విడిచి గాజుపలకపై అల్యూమినా పొడిని పలుచగా పరచి, ఔషధ మూలికల సారములను పరీక్షించిరి. అది వదులు పొర. గట్టిగా ఊదిన చెదరిపోవునది. 1951లో అమెరికాయందు కిర్ష్‌నర్, మిల్లర్, కెల్లర్ అనువారు సిలికా పొడికి పిండిపదార్థమును బంధకముగా చేర్చి, గాజుపట్టీలపై నిలుచు పొరలను చేసి, నిమ్మజాతి పండ్ల సుగంధ తైలములను విభజించిరి.

ఇన్ని ప్రయత్నములు జరిగినను, ఒకరి ఫలితము మరియొకరికి రాకుండుట పెద్ద లోపముగా నిలిచినది. జర్మనీ దేశీయుడగు ఎగోన్ స్టాల్ 1956 మొదలు 1958 వరకు చేసిన కృషిచే ఈ లోపము చాలవరకు తీరినది. పొడి రేణువుల పరిమాణమును, పొర మందమును, పూయు పనిముట్టును ఆయన ప్రమాణీకరించెను. సిలికా జెల్‌కు నూటికి సుమారు 13 పాళ్లు జిప్సమును బంధకముగా కలిపెను. ఈ విద్య ప్రపంచమున వ్యాపించుటకు క్రొత్త ద్రావణికంటె మెఱుగైన పొరయే ముఖ్యకారణ మగుట గమనింపదగినది.

సిలికా పొర, దాని తేమ

నేడు ఎక్కువగా వాడబడు పొర సిలికా జెల్. చూచుటకు ఇది సాధారణమైన తెల్లని పొడి. కాని దాని రేణువులనిండ సూక్ష్మ రంధ్రములుండును. వాడుకలోనున్న ఒక రకమున రంధ్రపు వ్యాసము 6 నానోమీటర్లు. ఒక గ్రాము పొడిలోని లోపలి తలములనన్నిటిని విప్పి పరచినచో సుమారు 500 చదరపు మీటర్లగును; అనగా సుమారు అయిదు గుంటల నేల. పరీక్షింపబడు అణువులు నిలుచుటకు చోటు ఈ విశాల తలమే.

ఆ తలముపై హైడ్రాక్సిల్ గుంపులు దట్టముగా నుండును. వీనికి సిలనాల్ గుంపులని పేరు. ధ్రువగుణముగల అణువులను ఇవి హైడ్రోజను బంధములచే గట్టిగా పట్టుకొనును. అధ్రువములగు అణువులను తేలికగా విడుచును. కావున సిలికాపై పారాఫిను వంటి హైడ్రోకార్బనులు ద్రావణి అంచువరకు పరుగెత్తును. చక్కెరలు మొదలిడిన చోటనే నిలిచిపోవును.

అయితే నీరును ధ్రువపదార్థమే. గాలిలోని తేమ సిలనాల్ గుంపులను ముందుగా ఆక్రమించినచో పరీక్షింపవలసిన పదార్థమునకు పట్టు దొరకదు. మచ్చలు పైపైకి పోవును. పొరను 105 – 110 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో అరగంట మొదలు గంటవరకు ఉంచినచో తేమ పోయి పట్టు తిరిగివచ్చును. దీనినే ఉత్తేజనమందురు. కాని ఉత్తేజితమైన పొరను బయట నుంచిన కొద్ది నిమిషములలోనే అది మరల గాలినుండి నీటిని పీల్చుకొనును. అందుచే వైశాఖపు ఎండలో వచ్చిన ఫలితము శ్రావణపు ముసురులో రాదు. తేమను శత్రువుగా గాక కొలతగా నుపయోగించుటయు కలదు. 1941లో బ్రాక్‌మన్, షోడర్ అనువారు అల్యూమినాకు నూటికి 0, 3, 6, 10, 15 పాళ్ల నీరు చేర్చి, అయిదు తరగతుల పట్టుగల అధిశోషకములను ఏర్పరచిరి. అధిశోషక సంస్కారములలో నీరు చేర్చుటయే మిక్కిలి సులభమైనది.

పొరను చేతితో తయారుచేయు విధానము కష్టమైనది గాదు. 30 గ్రాముల జిప్సము కలిసిన సిలికాను 60 మిల్లీలీటర్ల నీటితో కలిపి, జిప్సము గట్టిపడకమునుపే త్వరగా పూయవలెను. 20 సెంటీమీటర్ల చదరపు పలకలు అయిదింటికి ఈ ముద్ద సరిపోవును. ఈ కాలమున చాలచోట్ల అల్యూమినియము రేకుపై ముందే పూసిన పొరలను కొని వాడుచున్నారు. 1970 దశకపు మధ్యకాలము నుండి 5 – 6 మైక్రోమీటర్ల సన్నని రేణువులతో చేసిన ఉన్నత సామర్థ్యపు పొరలును వాడుకలోనికి వచ్చినవి.

విషమునకు పేరుపెట్టిన పొర

1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీకోళ్లు ఆకస్మికముగా చచ్చినవి. కారణమును వెదుకగా వాటి మేతలో కలిసిన బ్రెజిలు దేశపు వేరుసెనగ చెక్కపై దృష్టి పడినది. ఆ చెక్క సారమును పలుచని పొరపై నడిపి, అతినీలలోహిత కాంతిలో చూడగా నీలముగను, ఆకుపచ్చగను వెలుగు మచ్చలు కానవచ్చినవి. ఆంగ్లమున నీలమును తెలుపు పదముయొక్క మొదటి అక్షరమునుబట్టి వానిలో కొన్నిటికి బి అనియు, ఆకుపచ్చను తెలుపు పదముయొక్క మొదటి అక్షరమునుబట్టి తక్కిన వానికి జి అనియు పేరులు వచ్చినవి. పొరపై ముందుగా పోయినది 1, వెనుకబడినది 2. ఈ రీతిగా బి 1, బి 2, జి 1, జి 2 అను నాలుగు పేరులును ఆ పొరపైనే పుట్టినవి.

వీనిలో బి 1 మిక్కిలి హానికరము. ఆఫ్లటాక్సినులు మానవులకు కాన్సరు కలిగించునని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించినది. 1974లో గుజరాతు, రాజస్థాను సరిహద్దు పల్లెలలో బూజుపట్టిన మొక్కజొన్న తిని కామెర్లవంటి వ్యాధిచే నూఱుమందికి పైగా మరణించిరి. ఆ ఉపద్రవమునకు ఆఫ్లటాక్సిను కారణమని హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1975లో ప్రకటించిరి.

ఈ కీడు గింజతో అంతము గాదు. విషములో అధికభాగము నూనెలోనికి పోక చెక్కలో నిలుచును. ఆ చెక్కను తిన్న ఆవు, తాను గ్రహించిన బి 1లో నూటికి సుమారు ఒకటి రెండు పాళ్లను ఎం 1 అను రూపమున పాలలోనికి విడుచును. ఈ ఎం అను అక్షరమును పాలను తెలుపు ఆంగ్లపదమునుండియే వచ్చినది. పాలలో ఎం 1 కిలోగ్రామునకు 0.5 మైక్రోగ్రామును మించరాదని భారతదేశపు ఆహార నియమము. పాడియే ఇంటిఖర్చుకు ఆధారమైన మెట్టసీమలో చెనిక్కాయ చెక్కయందలి విషము పసిబిడ్డ పాలగిన్నెను చేరగలదని దీనివలన గ్రహింపదగును.

వేరుసెనగను మరల శుద్ధిచేయుటకై అమ్మునపుడు కిలోగ్రామునకు మొత్తము 15 మైక్రోగ్రాములవరకు మాత్రమే కోడెక్స్ అను అంతర్జాతీయ ఆహార ప్రమాణ సంఘము అనుమతించినది. అనగా ఆరున్నర కోట్ల పాళ్ల గింజలో సుమారు ఒక పాలు. నేరుగా తినుటకుద్దేశించిన గింజలకు ఐరోపా సమాఖ్య విధించిన హద్దు 4 మైక్రోగ్రాములే. ఇంతటి స్వల్ప పరిమాణమును నిర్ణయించు వేళ పొర మోసగించిన యెడల నష్టము రెండువిధములు. మంచి గింజను చెడ్డదన్నచో రైతునకు నష్టము. చెడ్డ గింజను మంచిదన్నచో తినువానికి నష్టము.

వేరుసెనగ సారమున నూనెయు, తామును వెలుగు ఇతర పదార్థములును ఉండును. వెలిగిన ప్రతి నీలపుమచ్చయు బి 1 గాదు. కావున మూడు జాగ్రత్తలు విధింపబడినవి. మొదటిది, సారమును ముందుగా శుద్ధిచేసి నూనెను తొలగించుట. రెండవది, తెలిసిన ప్రమాణ ద్రావణమును అదే పలకపై ప్రక్కనే నడిపి సరిచూచుట. ఒకే పొర, ఒకే తేమ యగుటచే రెండును ఒకే రీతిగా కదలును. మూడవది, పొరపైననే పదార్థమును మార్చి చూచుట. ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లము సోకినచో బి 1 మారి, మునుపటికంటె తక్కువ దూరము పోవు క్రొత్త మచ్చయగును. సల్ఫ్యూరిక్ ఆమ్లమును చల్లినచో నీలపు వెలుగు పసుపుగా మారును. ఈ పరీక్షలకు నిలువని మచ్చ ఆఫ్లటాక్సిను గాదు.

పొరను సంస్కరించు విధములు

సిలికా ఒక్కటియే సకల ప్రశ్నలకును సమాధానము చెప్పజాలదు. పొరను మార్చుటకు మూడు మార్గములు గలవు. ముద్ద కలుపునపుడే వేరొక పదార్థమును చేర్చుట; సిద్ధమైన పొరను ఒక ద్రావణమున ముంచుటగాని దానిపై చల్లుటగాని; సిలనాల్ గుంపులకే వేరొక గొలుసును రసాయనబంధముచే తగిలించుట.

మొదట ఆమ్లక్షారముల విషయము. సిలనాల్ గుంపులు కొంచెము ఆమ్లగుణము గలవి. అందుచే క్షారగుణముగల ఆల్కలాయిడులు వానికి అంటుకొని, గుండ్రని మచ్చకు బదులుగా పొడవైన తోక నీడ్చును. బలురక్కసి గింజలు ఆవగింజలను పోలియుండును. వాని నూనెలోని సాంగ్వినరిను అట్టి ఆల్కలాయిడే. 1998లో ఢిల్లీయందు ఆ నూనె కలిసిన ఆవనూనెవలన నీరువాపు వ్యాధి వ్యాపించి అరువదిమందికి పైగా మరణించిరి. ఆల్కలాయిడుల తోకను పోగొట్టుటకు పొరలో సోడియం హైడ్రాక్సైడునుగాని ద్రావణిలో తగిన ఆమ్లమునుగాని క్షారమునుగాని చేర్చుదురు. టెట్రాసైక్లిను మందులకు వేరొక చిక్కు కలదు. పొరలోని లోహపు జాడలను అవి పట్టుకొని చెదరిపోవును. ఇ.డి.టి.ఎ. ద్రావణమును పొరపై చల్లి ఆరబెట్టినచో ఆ లోహములు ముందే బంధింపబడి మచ్చ చక్కగా వచ్చును.

రెండవది వెండి సంస్కారము. ఇచ్చట వేరుసెనగ నూనెనే ఉదాహరణముగా గైకొనవచ్చును. అందలి ముఖ్యమైన క్రొవ్వు ఆమ్లములు నాలుగు. పామిటిక్ ఆమ్లమునకు 16 కార్బనులు. స్టియరిక్, ఒలీయిక్, లినోలీయిక్ ఆమ్లములకు తలకు 18 కార్బనులు. మొదటి రెండింటికి ద్విబంధములు లేవు. ఒలీయిక్‌కు ఒకటి, లినోలీయిక్‌కు రెండు. వీనిని మిథైల్ ఎస్టరులుగా మార్చి సాధారణ సిలికాపై నడిపినచో నాలుగును దాదాపు ఒకే మచ్చగా పోవును. సిలికాకు వానిలో భేదము తోపదు. కాని సిలికాలో వెండి నైట్రేటును చేర్చినచో వెండి అయానులు ద్విబంధములను పట్టి నిలుపును. ద్విబంధము లేనివి ముందు, ఒకటి గలవి వాని వెనుక, రెండు గలవి మరింత వెనుక నిలుచును. 1962లో మోరిస్ మొదలగువారు ఈ పద్ధతిని పలుచని పొరలకు వర్తింపజేసిరి. వెలుతురు సోకిన ఈ పొర నల్లబడును గావున చీకటిలో దాచవలెను. మచ్చలను చూచుటకు డైక్లోరోఫ్లోరసీను చల్లి అతినీలలోహిత కాంతిలో పరీక్షింతురు.

మూడవది విలోమ ప్రావస్థ. సిలికా పొరను పారాఫిను నూనెలో తడిపినచో దాని స్వభావమే తలక్రిందులగును. ఇప్పుడు పొర అధ్రువము, ద్రావణి ధ్రువము. పొడవైన కార్బను గొలుసు గల పదార్థము వెనుకబడును. అయితే ద్రావణి ఆ పారాఫినును కడిగివేయకుండుటకై ద్రావణినే ముందుగా పారాఫినుతో సంతృప్తపరచవలసి వచ్చెడిది. తరువాతి కాలమున 18 కార్బనుల గొలుసును సిలనాల్ గుంపులకు రసాయనబంధముచే తగిలించిన పొరలు వచ్చి ఆ చిక్కును తొలగించినవి. వీనికిని హద్దులు కలవు. కొన్ని సిలనాల్ గుంపులు బంధింపబడక మిగిలిపోవును. ద్రావణిలో నీరు అధికమైనచో కొన్ని పొరలు తడియనే తడియవు.

జంట చిక్కు

వెండి పొరకును విలోమ పొరకును గల భేదమునుబట్టి ఈ వ్యాసముయొక్క సారాంశమును గ్రహింపవచ్చును. విలోమ పొరపై ఒక ద్విబంధము సుమారు రెండు కార్బనుల తగ్గుదలకు సమానము. కావున 18 కార్బనులు, ఒక ద్విబంధము గల ఒలీయిక్ ఆమ్లము, 16 కార్బనులు గల పామిటిక్ ఆమ్లముతో కలిసి ఒక్క మచ్చగా నిలుచును. ఇట్టి జతలను సంకట జంటలందురు. వేరుసెనగ నూనెలో ఈ రెండును గలవు. విలోమ పొరను మాత్రమే చూచినవాడు రెండింటిని ఒకటిగా నెంచును. వెండి పొరపై ఈ జంట వెంటనే విడిపోవును. కాని అదే వెండి పొరపై పామిటిక్, స్టియరిక్ ఆమ్లములు కలిసిపోవును. ఏలయన రెండింటికిని ద్విబంధము లేదు. వానిని విడదీయుటకు మరల విలోమ పొరయే శరణ్యము.

ఇందువలన తేలునదేమన, ఒక్క మచ్చ కనబడుట ఒక్క పదార్థమే యున్నదనుటకు నిదర్శనము గాదు. ఆ పొరకు తెలిసిన భేదము లేదనుటకు మాత్రమే నిదర్శనము. పొర యనునది ప్రశ్న వంటిది. ప్రశ్నను మార్చనిదే క్రొత్త సమాధానము రాదు.

సాధారణ సిలికా నిష్ప్రయోజనమని దీని యర్థము గాదు. నూనె చిక్కపడినదా, కల్తీ జరిగినదా అను ప్రశ్నలకు అదియే తగినది. హెక్సేను, ఈథరు, కొలదిగా ఎసిటిక్ ఆమ్లము కలిపిన ద్రావణితో నడిపినచో ఖనిజతైలము ముందుగా పరుగెత్తును. నూనె దాని వెనుక, విడివడిన క్రొవ్వు ఆమ్లములు మరింత క్రిందుగా నిలుచును. అయొడిను ఆవిరి తగిలించిన గోధుమరంగు మచ్చలు కనబడును. ఈ సీమలో హొంగె యని పిలువబడు కానుగచెట్టు గింజలనూనె తినదగనిది. అది వంటనూనెలో కలిసినచో అందలి కరంజిను సిలికాపై అతినీలలోహిత కాంతిలో వెలుగుచు పట్టుబడును.

ఉపసంహారము

ఈ కాలమున ఆఫ్లటాక్సినును కొలుచుటకు ఖరీదైన యంత్రములును, ప్రతిరక్షక పరీక్షలును వచ్చినవి. ఐనను స్వల్పవ్యయముతో పెక్కు నమూనాలను ఒకే పలకపై ప్రక్కప్రక్కన పరీక్షింప గలుగుటచే పలుచని పొర పద్ధతికి విలువ తగ్గలేదు. ఎంత చక్కని పొరయైనను సరియైన నమూనా లేనిదే పనికిరాదు. విషము బస్తానిండ సమముగా నుండక కొద్దిపాటి గింజలలో కేంద్రీకృతమై యుండును. గుప్పెడు గింజలు తీసి బస్తాకంతటికి తీర్పు చెప్పరాదు. పెక్కుచోట్ల తీసి, కలిపి, మెత్తగా దంచి, అందుండి నమూనాను గ్రహింపవలెను.

పరీక్షాగారము విషమును కనుగొనగలదే గాని తొలగింపజాలదు. దానిని పుట్టనీయకుండుట పొలమునందును, కళ్లమునందును జరుగవలసిన పని. కాయను పక్వమైన వెంటనే పెరుకుట, దెబ్బతగలకుండ ఒలుచుట, తేమ నూటికి 8 పాళ్లకు దిగువ యగువరకు ఎండబెట్టుట, ముడుచుకొనినవి, రంగుమారినవి, బూజుపట్టినవి ఏరి వేయుట ముఖ్యములు. ఏరివేసిన ఆ గింజలను గానుగకుగాని పశువునకుగాని పంపరాదు. మనుష్యుడు తినడని పశువునకు పెట్టిన గింజయే పాలరూపమున మరల ఇంటికి వచ్చును. గాజుపలకపై వెలిగిన ఆ నీలపుమచ్చ చెప్పుచున్న హెచ్చరిక యిదియే.